దేవుడి కుండ

పరంజ్యోతి అయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబుతో కాక ఏదో ఒక పనితో తిరిగివెళ్ళడం గోదావరి లంకల్లో అందరూ ఎరిగినదే. నలభై ఏళ్ళుగా అక్కడి సంఘాలకు కాపరిగా ఉన్న మనిషి ఆయన. మాట పొదుపు, నడక ఎక్కువ. ఆయన దగ్గర మూడేళ్ళు వాక్యం నేర్చుకుని ఎర్రరేవులంక సంఘంలో పరిచర్య చేస్తున్న ఏలీషాకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ ఆ శనివారం ఉదయం, గురువుగారు పడవ దిగి బురదలో కాలు పెట్టారో లేదో, ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, రేపు ఆదివారం. దేవుడు కనికరం గలవాడని ఈ మనుషుల ముందు నిలబడి ఎలా చెప్పమంటారు? నాకు నోరు రావడం లేదండి."

అతని బాధలో వేషం లేదు. వరద ఐదు రోజులు ఊళ్ళోనే తిష్ఠ వేసింది. జనం ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. వరద తీసి ఎనిమిది రోజులైంది. మట్టిగోడలు కూలిపోయాయి, దాచుకున్న ధాన్యం మొలకలెత్తింది. తడిసి ముక్కిన బియ్యాన్నే ఎండబెట్టి, కడిగి కడిగి వండుకుంటున్నారు. ఆ కూడు తిని దీవెనమ్మ మనవరాలు, ఐదేళ్ళ కెజియా, మూడు రోజులుగా విరేచనాలతో మంచం పట్టింది. పడవ మీద వచ్చిన నర్సమ్మ మందులిచ్చి, ముక్కిన కూడు ముట్టనివ్వకుండా మంచి బియ్యంతో గంజి కాచి పట్టమంది. మంచి బియ్యం ఆ లంక మొత్తానికి ఎక్కడిది? ఏలీషా రెండు రోజులు ఆ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించాడు. పిల్ల కళ్ళు లోతుకు పోతూనే ఉన్నాయి.

పరంజ్యోతి అయ్యగారు అంతా విన్నారు. విని, "ఆకలేస్తోంది ఏలీషా. దీవెనమ్మ ఇంటికి పోదాం పద" అన్నారు.

ఏలీషాకు మనసు చివుక్కుమంది. తినడానికి గతిలేని ఇంటికి తిండి అడుగుతూ వెళ్ళడమా? కానీ పెద్దాయన అప్పటికే పంచె ఎగ్గట్టి బురదలో సగం దూరం పోయారు. చేసేది లేక వెనకే నడిచాడు.

గుమ్మంలోంచే ఆయన ఆకలేస్తోందనడం విని దీవెనమ్మ పైట తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. "వందనాలండి అయ్యగారూ. మీరడక్క అడక్క అడిగితే మీకేం పెట్టనండి? ఈ కూడు కుక్క కూడా ముట్టదండి" అంటూ ఏడ్చింది. ఆయన ఆమెను ఓదార్చలేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. తరవాత గోడ కేసి, ఆపైన ఇంటి కప్పు కేసి చూశారు. దూలానికి ఖాళీ ఉట్టి వేలాడుతోంది.

"నీళ్ళు ఎందాకా వచ్చాయమ్మా?"

"అదిగోనండి, గోడ మీద చార. నా గుండెల దాకానండి."

"మరి ఉట్టి తడిసిందా?"

వారం రోజుల్లో మొదటిసారి ఆమె మొహం విప్పారింది. "దేవుడి కుండకి చుక్క తగల్లేదండి! ఈ పేటలో ఏ ఇంట్లోనూ తగల్లేదండి. మాకన్నీ పోయినా ఆయన వంతు ఆయనకి భద్రంగా అప్పజెప్పేశామండి. ఈ చిన్నయ్యగారే కదండీ పోయించుకున్నారు."

ఆ పేటలో ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుడి బియ్యం. ఎలకకూ పిల్లల చేతికీ అందకుండా ఆ కుండను ఉట్టి మీద పెడతారు. నెలలో మొదటి ఆదివారం గుడిలో పోస్తారు. వరద తీసిన మూడోనాడే ఆ ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళంతా మోకాళ్ళ లోతు బురదలో కుండలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. వాళ్ళ విశ్వాసం చూసి ఏలీషా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండు సంచుల నిండా వచ్చిన ఆ బియ్యాన్ని మూతులు కట్టి, పట్నంలో అనాథ పిల్లల వసతిగృహానికి పంపడానికని గుడి వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. అందులో ఒక్క గింజ తను ముట్టలేదు. అందరితో పాటు ముక్కిన కూడే తిన్నాడు. అలా తిన్నందుకు మనసులో కాస్త గర్వపడ్డాడు కూడా. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

తాళం వేసిన ఆ గది ఏలీషాకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే లేచి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి భుజం మీద సంచి ఉంది, నిలువెల్లా బురద ఉంది. కానీ దీవెనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దండీ! ఆయనకిచ్చింది వెనక్కి పుచ్చుకుంటే కళ్ళు పోతాయండి. ఇప్పటికే పిల్ల ఇలాగుంది. దాని మీదికి ఇంకా ఏం తెచ్చుకోమంటారండీ?"

అది మొండితనం కాదు, భయం. ఏలీషా సంచి దించకుండానే గురువుగారి కేసి చూశాడు.

పరంజ్యోతి అయ్యగారు కూర్చున్నచోటి నుంచి లేవకుండానే అన్నారు. "నువ్వు ఇచ్చేశావుగా తల్లీ. ఇక అది నీది కాదు. ఎవరికి పెట్టుకోవాలో ఆయన చూసుకుంటాడు. ఎసరు పెట్టు."

దీవెనమ్మ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. గంజి కాగుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. మొదటి చెంచా పిల్ల పెదవుల పక్కనుంచి కారిపోయింది. రెండోది గుటక పడింది. నాలుగో చెంచాకు పిల్ల తనంతట తానే నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి ఏలీషా గోడ కేసి తిరిగి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మధ్యాహ్నానికి సంచులు రెండూ ఖాళీ అయ్యాయి. పేటలో ప్రతి ఇంటి మీదా పొగ లేచింది. పరంజ్యోతి అయ్యగారు అందరికన్నా చివర ఇంత గంజి తాగి పడవ కోసం బయల్దేరారు. రేవుదాకా వచ్చాక ఏలీషా తల దించుకుని అన్నాడు.

"కనికరించమని ఆయనకు మొరపెట్టుకుంటూనే ఉన్నానండి, అయ్యగారూ. ఇన్నాళ్ళూ."

"గోదారి ఎందుకొచ్చిందో నాకూ తెలియదు నాయనా. నువ్వూ అడుగు, నేనూ అడుగుతాను. కనికరం మాత్రం వరదకన్నా ముందే వచ్చి ఇంటింటా నడినెత్తిన కూర్చుంది. దాన్ని దించి తాళం వేసింది..."

ఆయన పడవ అంచు పట్టుకుని ఎక్కి, సర్దుకుని కూర్చున్నారు.

"రేపు ప్రసంగం పొట్టిగా చెప్పు ఏలీషా. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టి వస్తారు."