ఉప్పుకోటకి ఊ కొట్టిన మనిషి

నవల రాయడానికి నీలవేణికి నాలుగేళ్ళు పట్టింది. దాన్ని అమ్మడం మొదలెట్టిన నాలుగు నెలలకే తలప్రాణం తోకకొచ్చింది.

ప్రచురణకర్తలు "మాయలూ మంత్రాలూ ఇప్పుడెవరు చదువుతారమ్మా?" అన్నారు. మీరు వేసేదేమిట్లే అని తనే అచ్చు వేయించుకుంది. ముఖచిత్రం తనే గీయించింది, పార్సెళ్ళు తనే కట్టింది. పొద్దున్న ఫేస్‌బుక్‌లో పోస్టు, మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజి, సాయంత్రం అరనిమిషం రీలు. చుట్టాలందరూ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. చదివామన్నవాళ్ళు మాత్రం కనబడలేదు. మంచం కింద అట్టపెట్టెలు కదల్లేదు, పాపం.

ఆమె గురువు కోటిలింగం గారు. బుర్రకథలో నడుమ నిలబడి కథ చెప్పినవాడు కాదాయన. నలభై ఏళ్ళూ కథకుడి పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడినవాడు. అయినా సరే, కథ ఎలా నడపాలో నేర్చుకోవాలంటే చుట్టుపక్కలవాళ్ళందరూ ఆయన గుమ్మమే తొక్కేవారు. నీలవేణి కూడా మూడేళ్ళు ప్రతి ఆదివారం ఆయన దగ్గర కూర్చుంది.

"ఎల్లుండి రాజమండ్రి పుస్తకాల సంతలో వేదిక మీద పావుగంట ఇచ్చారు గురువుగారూ," అంది ఓ ఆదివారం. "అక్కడా ఎవరూ పట్టించుకోకపోతే పెట్టెలన్నీ పాతకాగితాలవాడికి ఇచ్చేస్తాను. రెండో భాగం రాయను. ఇంక నావల్ల కాదు."

అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"నేనూ వస్తా," అన్నారాయన. అంతే.

సంతలో వేదిక ముందు అరవై కుర్చీలు వేశారు. కూర్చున్నది నలుగురు. ఇద్దరు కాళ్ళు నొప్పెట్టి కూలబడ్డవాళ్ళు, ఒకడు ఫోనుకి చార్జింగు పెట్టుకున్నవాడు, నాలుగో మనిషి కోటిలింగం గారు. పక్కన వీరాయమ్మ అనే ఆవిడ టీ కప్పులు ఊడుస్తోంది.

నీలవేణి మైకు పట్టుకుంది. వారం రోజులు అద్దం ముందు వల్లించిన మాటలన్నీ గడగడా అప్పజెప్పింది. మూడు భాగాల మహాగాథ అంది. నాలుగువందల పన్నెండు పేజీలంది. లోపల రంగుల మ్యాపు ఉందంది. ఆన్‌లైన్‌లో ఐదు నక్షత్రాలు వచ్చాయంది, ఆ నక్షత్రాలు పెట్టింది తన ఆడపడుచని మాత్రం చెప్పలేదు. ఫోనువాడు తలెత్తలేదు.

"ఇంతకీ కథేమిటమ్మా?" అన్నారు కోటిలింగం గారు ముందు కుర్చీలోంచి.

నీలవేణి మైకు పక్కకి తిప్పి గుసగుసగా అంది. "చెప్పేస్తే ఎవరు కొంటారు గురువుగారూ? సస్పెన్సు పోదూ?"

ఆయన కుర్చీలోంచి లేచారు. మోకాలు పట్టుకుని మెల్లగా మెట్లెక్కారు. వచ్చి ఆమెకి పక్కగా, అరడుగు వెనక్కి, వంతగాడు నిలబడే చోట నిలబడ్డారు.

"ఊఁ," అన్నారు.

నీలవేణి తిరిగి ఆయనకేసి చూసింది. ఈయనంతటివాడు నాకు వంత నిలబడడమా! ఇంకేం చేస్తుంది, నోరు తెరిచింది.

"అనగనగా ఒక ఉప్పుకోట."

"ఊఁ."

"గోడలు ఉప్పు, మేడలు ఉప్పు. రాజుగారి సింహాసనం కూడా ఉప్పే."

"ఊఁ. మరి వానొస్తే?"

"అదేగా భయం! మబ్బు అన్న మాట ఎత్తితేనే శిక్ష ఆ ఊళ్ళో. అలాంటి చోట ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లతోపాటు నెత్తిమీద జానెడు మబ్బు కూడా పుట్టింది."

"అయ్యబాబోయ్!"

"పిల్ల నవ్వితే మబ్బు తెల్లబడుతుంది. ఏడిస్తే..."

"వానొచ్చేత్తదా?"

ఈ మాట గురువుగారిది కాదు. వీరాయమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత కోటిలింగం గారు నోరు మెదపలేదు. ఊ కొట్టడం వీరాయమ్మే అందుకుంది. ఇంటి ముందు రాజభటుల గుర్రాల డెక్కల చప్పుడు, పిల్ల ఏడవకుండా తల్లి గుండెకి అదుముకోవడం, అంతవరకూ వచ్చేసరికి నిర్వాహకుడొచ్చి పాటల పోటీకి టైమైందని మైకు తీసేసుకున్నాడు. ఫోనువాడు చార్జింగు నిండిందని లేచిపోయాడు.

నీలవేణి కిందికి దిగితే వీరాయమ్మ ఎదురొచ్చింది.

"ఆ పిల్లేమైందమ్మా? బటులు ఎత్తుకుపోయారా?"

నీలవేణి మొహం వెలిగిపోయింది. చేతిలోని పుస్తకం ఆవిడకిచ్చింది. "ఇందులో ఉందండీ. మీరే ఉంచుకోండి."

వీరాయమ్మ చేతులు చీరకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. బొమ్మ చూసింది. తిరిగి ఇచ్చేసింది. "నాకు సదువు రాదమ్మా. నువ్వే సెప్పు."

సరిగ్గా అప్పుడే, సంతలో ఆమె పుస్తకాలు పెట్టుకున్న కొట్టు పక్కాయన కేకేశాడు. "నీలవేణి గారూ! మీ పుస్తకం ఎవరో అడుగుతున్నారు, తొందరగా రండి!"

ఆ కేక కోసం నాలుగు నెలలుగా చెవులు రిక్కించి ఉంది ఆమె. కాలు అటే లాగింది.

"బేరం నేను చూస్తాలే," అంటూ కోటిలింగం గారు కండువా సర్దుకుని కొట్టువైపు నడిచారు.

నీలవేణి వీరాయమ్మ పక్కన నేలమీదే చతికిలబడింది. నాలుగువందల పన్నెండు పేజీల కథా చెప్పింది. ఏడేళ్ళ పిల్లని కోట బయటికి పంపేసి తలుపులు మూసేసేదాకా చెప్పి ఆగింది.

"ఊఁ. తరవాత?"

"తర్వాతది రెండో భాగమండీ. అది రాయలేదు."

"రాయలేదా!" వీరాయమ్మకి నిజంగానే కోపమొచ్చింది. "పసిపిల్లని అలా వాకిట్లో వదిలేసి నీ దారిన నువ్వు వచ్చేశావా? ఎప్పుడు రాత్తావు?"

నీలవేణి సిగ్గుతో తల దించుకుంది. ఇన్నాళ్ళూ తన కష్టమే తలుచుకుని ఏడ్చింది గానీ, ఆ పిల్ల ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

తలెత్తేసరికి గురువుగారు వచ్చి నిలబడి ఉన్నారు. మీరే ఏదో ఒకటి చెప్పండి అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"నన్ను చూస్తావేమిటమ్మా?" అన్నారాయన. "అడిగింది ఆవిడ."