మూత లోపలి గుర్తులు

ఉదయం తొమ్మిదీ పదికి గడియారాలు బాగుచేసే మస్తాన్ టీ గ్లాసు కడుగుతుండగా జమీందారు కచేరీ నుంచి పిలుపు వచ్చింది.

అక్కడ గుర్రపుశాల పనివాడు గవరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అతని చేతి గడియారం జమీందారు బల్ల మీద ఉంది. అది తనదేననీ, వారం కిందట పోయిందనీ దివాన్ నరసింగరావు ఫిర్యాదు. రుజువైతే గవరయ్యకు ఖైదు.

"మా అన్న పటాలం నుంచి తెచ్చింది బాబూ" అని గవరయ్య అంటున్నా ఎవరూ వినడం లేదు. దివాన్ మాట ముందు తన సాక్ష్యమూ చెల్లదని, ఆ గడియారాన్ని ముందే ఎరిగిన మస్తాన్‌కు తెలుసు.

"దివాన్ గారూ, తమరి గడియారం ఎన్నిసార్లు బాగుచేయించారు?" అని అడిగాడు.

"బాగుచేయించడమా! సీమ సరుకోయ్ సాయిబూ. కొన్ననాటి నుంచి క్షణం ఆగలేదు. దాని మూత ఎవడూ తెరవలేదు."

"ఆ మాట మీదే ఉంటారా?"

"నూరుసార్లు చెబుతాను!"

మస్తాన్ వెనక మూత తీసి జమీందారుకు చూపించాడు. లోపల సూదితో గీసిన గుర్తులు మూడు, పక్కన తేదీలు ఉన్నాయి.

"బాగుచేసినవాడు ఇక్కడ తన గుర్తు గీస్తాడు ప్రభూ. అన్నిటికంటే కొత్తది నాదే, అదీ రెండేళ్ల నాటిది; దివాన్ గారిది పోయింది వారం కిందటే. ఎవరూ తెరవని గడియారంలోకి ఇవెలా వచ్చాయి?"

జమీందారు గడియారాన్ని స్వయంగా గవరయ్యకు అందించాడు గానీ, అతని ముఖంలోకి చూడలేకపోయాడు. గవరయ్య దాన్ని చేతికి పెట్టుకోలేదు. తువ్వాలులో చుట్టుకుని, ఎవరికీ దండం పెట్టకుండా వెళ్లిపోయాడు.

ఐదు రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. దివాన్ గడియారం పోనేలేదు; అడిగినవాళ్లకు పోయిందని చెప్పి, అలాంటిదే గవరయ్య చేతికి కనబడితే తనదన్నాడు. తన గడియారం ఆగిపోతే, నలుగురికీ తెలియకూడదని ఆయనే పక్క పట్నానికి రహస్యంగా రిపేరుకు పంపాడు.