చూపరి పడ్డ రోజు

ఒక ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. నీ వల్ల ఎవరైనా పడి దెబ్బ తింటే, వాళ్లు మళ్లీ లేచి తిరిగేదాకా వాళ్ల పని నువ్వు చెయ్యాలి. కుమ్మరి పడితే నువ్వు సారె తిప్పాలి. వంటమనిషి పడితే నువ్వు పొయ్యి ముందు కూర్చోవాలి.

మిగతావాళ్లకి దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఒళ్లు కదపడం నేర్పేవాళ్లకే వచ్చింది చిక్కంతా. నాట్యం నేర్పేవాళ్లు, ఈత నేర్పేవాళ్లు, ఆసనాలు నేర్పేవాళ్లు, కర్రసాము నేర్పేవాళ్లు, అందరూ ఎవరికి వారే. వాళ్ల వెనక బడి లేదు, మఠం లేదు. కదిలేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పడకుండా ఉండరు కదా.

కర్రసాము నేర్పే దాలయ్య దగ్గర ఒకసారి ఒక నేతగాడి మణికట్టు విరిగింది. ఆ వానాకాలమంతా దాలయ్య మగ్గం ముందు కూర్చున్నాడు. నేసిన గుడ్డంతా వంకర పోయింది. సాము నేర్పే గరిడీలో గడ్డి మొలిచింది, శిష్యులు చెదిరిపోయారు. అతను మగ్గం మీంచి లేచేసరికి నడుం కూడా కొంచెం వంగింది.

అది చూసి నేర్పేవాళ్లంతా ఒక మాట అనుకున్నారు. ఎవరి శిష్యుడు పడినా, ఆ పని అందరం వంతులేసుకుని చేద్దాం. అప్పుడు ఎవరి నడుమూ వంగదు. దానికి పూచీ జట్టు అని పేరు పెట్టుకున్నారు.

పేరు పెట్టుకున్నాక భయం పట్టుకుంది. వాళ్లలో ఒకరు ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా నేర్పితే ఆ బరువంతా అందరి నెత్తినా పడుతుంది. అందుకని, జట్టులో చేరతానన్న ప్రతివాళ్ల దగ్గరికీ ముందు ఒకరు వెళ్లి చూసి రావాలన్నారు. ఆ పని తాయారుకి అప్పగించారు. ఆమె ఒకప్పుడు పేరున్న నాట్యగత్తె. ఆట మానేసింది, శిష్యులు లేరు, ఎవరి పక్షమూ కాదు. ఊరు ఆమెని చూపరి అని పిలిచింది.

తాయారుకి ఆ పని నచ్చింది. తప్పులు పట్టాలని కాదు. మనిషి ఒంటిని ఎవరెలా నేర్పిస్తారో చూడాలని ఆమెకి చిన్నప్పటినుంచీ కుతూహలం. గచ్చు జారుతోందా, గురువు కంటికి ఆనకుండా ఎవరైనా వెనక నిలబడుతున్నారా, అలిసినవాణ్ని ఆపుతున్నారా లేదా, అన్నీ చూసేది. చూసింది చూసినట్టు జట్టుకి చెప్పేది.

ఒకనాడు నూకరత్నం అనే ఆమె జట్టులో చేరతానని కబురు చేసింది. ఆ మాట వినగానే సగంమంది వద్దన్నారు.

"ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లెవరో తెలుసా?" అన్నాడు దాలయ్య. "మంచం పట్టి లేచినవాళ్లు, తూలే ముసలివాళ్లు, తాడిచెట్టు మీంచి జారిన గీతగాడు. పైగా ఆవిడ నేర్పేది నడక కాదట, పడటమట. ఆవిణ్ని చేర్చుకుంటే మనం జన్మంతా ఊళ్లోవాళ్ల పనులు చేసుకుంటూ కూర్చోవాలి."

"పడటం నేర్పుతుందా?" అంది తాయారు. "అదెలా ఉంటుందో చూడొద్దూ?"

నూకరత్నం పాఠం చెప్పేది ఒక పాత ధాన్యం కొట్టులో. మట్టి నేల, దాని మీద మందంగా గడ్డి, గడ్డి మీద కొబ్బరిపీచు చాపలు. తాయారు గడప దాటి లోపలికి వెళ్లి గోడవారగా కూర్చుంది.

నూకరత్నం పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "ఇవాళ ఎక్కడ నొప్పి?" అని అడిగింది. ఒకరు నడుమన్నారు, ఒకరు మడమన్నారు. గీతగాడు మాత్రం, "నాకేం లేదమ్మా, ఇనప గుండులా ఉన్నాను," అన్నాడు.

"అయితే నువ్వు ఇవాళ కూర్చో," అంది నూకరత్నం.

"అదేంటమ్మా, బాగున్నవాణ్ని కూర్చోబెడతావు?"

"నీ నొప్పి ఎక్కడుందో నీకే తెలియనప్పుడు నేనెక్కడ పట్టుకునేది నాయనా?"

గీతగాడు కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, ఆఖరికి భుజం అన్నాడు. అప్పుడు లేపింది.

వాళ్లు గొంతుక్కూర్చుని, మెడ లోపలికి ముడిచి, పక్కకి ఒరిగి, నేల మీద పొర్లుతున్నారు. పొర్లి నవ్వుతున్నారు. ఒక ముసలావిడ పడి లేచి, "నా మొగుడు పోయాక నేల మీద ఇంత హాయిగా పడుకున్నది ఇదే," అంది. తాయారు ఒళ్లు ఊరుకోలేదు. బతుకంతా పడకుండా నిలబడటమే నేర్చుకున్న మనిషి ఆమె.

"నన్నూ ఒకసారి పడనిస్తావా?" అంది.

నూకరత్నం దగ్గరికొచ్చింది. "మీకు ఇవాళ ఎక్కడ నొప్పండీ?"

తాయారు ఆట మానేసిందే కుడి మోకాలి వల్ల. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. రంగస్థలం మీద నొప్పిని మొహంలోకి రానివ్వకపోవడమే ఆమె చదువు. "ఎక్కడా లేదు," అంది.

నూకరత్నం ఆ మోకాలి వైపు ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయి మానేసింది. "రండి," అంది.

తాయారు గొంతుక్కూర్చుంది. పక్కకి ఒరగబోయేసరికి మోకాలు కటుక్కుమంది. ఆమె వెనక్కి విరుచుకు పడింది. తల నేలకి తగిలేలోగా నూకరత్నం తన చెయ్యి కిందకి పెట్టింది. తల దక్కింది, మోకాలు దక్కలేదు. చూస్తుండగానే గుమ్మడిపిందెలా వాచింది.

కట్టుబాటు అందరికీ తెలుసు.

"ఇకనుంచి నా పని నీది," అంది తాయారు, పళ్లు బిగబట్టి.

"మీరింకా చూడాల్సిన వాళ్లెవరు?"

తాయారుకి అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. "నువ్వే."

మర్నాడు జట్టు గరిడీలో కూడింది. తాయారుని నులకమంచం మీద మోసుకొచ్చి ఓ పక్కన పెట్టారు. చూపరి పని ఇప్పుడు నూకరత్నానిది కాబట్టి తాయారుకి చూపరిగా మాట్లాడే హక్కు లేదు. అయినా ఆమెకి భయంగానే ఉంది. నూకరత్నం లేచి, ఈవిడ అబద్ధమాడింది అంటే చాలు, నేరమంతా తన మోకాలి మీదే పడుతుంది. నూకరత్నం సుఖంగా జట్టులో చేరిపోతుంది. అలా చెప్పడం అన్యాయం కూడా కాదు.

నూకరత్నం లేచి, తన గురించే ఎవరో పరాయి మనిషి గురించి అన్నట్టు, చూపరి చెప్పినట్టే చెప్పింది. "నేల మెత్తగా ఉంది. చాపలు బాగున్నాయి. వెలుగు చాలు. మొదలుపెట్టే ముందు అందరినీ నొప్పి అడుగుతోంది. అడిగి, లేదన్నవాళ్లని ఆపుతోంది. నిన్న మాత్రం ఒకావిణ్ని ఆపలేదు. ఆవిడ గడప దాటేటప్పుడు కుడికాలు ఈడ్చింది. నేర్పే మనిషి అది చూసింది. పెద్దావిడ, తనని చూడ్డానికి వచ్చినావిడ, ఎలా కూర్చోమంటాం అని ఊరుకుంది. ఆవిడ పడింది."

"ఆవిడ నొప్పి ఉందని చెప్పిందా లేదా?" అన్నాడు దాలయ్య.

"ఆవిడ సంగతి నాకు అప్పగించలేదన్నా. నేను చూడాల్సింది నేర్పే మనిషినే."

మంచం మీంచి తాయారు గొంతు వినిపించింది. "చెప్పలేదు. అడిగితే లేదన్నాను." అన్నాక చిత్రంగా ఆమె భయం తగ్గింది.

గరిడీలో గుసగుసలు లేచాయి. దాలయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఇంతకీ నీ మాటేమిటమ్మా? ఆ నేర్పే మనిషిని చేర్చుకోవచ్చా?"

నూకరత్నం అందరి వైపూ తిరిగింది. "అక్కడ మళ్లీ పడతారు. పడటానికే వస్తారు. దానికి నాకు బెంగ లేదు. ఇంకోసారి ఇంకో పెద్దమనిషి వచ్చి నొప్పి లేదంటే ఆ నేర్పే మనిషి ఆపుతుందా, మొహమాటపడుతుందా అన్నది నాకు తెలియడం లేదు. ఆవిణ్ని ఎవరో ఒకరు మళ్లీ వెళ్లి చూడాలి. నన్ను నేను ఎంతకని చూసుకోను?"

దాలయ్య ఆమెని తేరిపార చూశాడు. ఇంతవరకూ ఆ గరిడీలో ఎవరూ తమ గురించి తమకే తెలియదు అన్న మాట అనలేదు.

"చేర్చుకుందాం," అన్నాడు. "నేను వెళ్లి చూస్తాను."

చేర్చుకున్నారు. చేర్చుకున్నాక కట్టుబాటు అందరిదీ అయింది. తాయారు పడ్డది జట్టులో మనిషి దగ్గర, కాబట్టి తాయారు పని అందరూ వంతులేసుకోవాలి. ఆమె పనల్లా చూడటమే. అలా ఈత నేర్పే ఆమె నాట్యం నేర్పే చోటికి వెళ్లింది. నాట్యం నేర్పే అతను ఆసనాలు నేర్పే చోటికి వెళ్లాడు. ఇన్నేళ్లూ ఒకే ఊళ్లో ఉన్నా ఒకరి పాఠం ఒకరు చూసి ఎరగరు. మొదట్లో బరువుగా వెళ్లేవారు. తర్వాత వంతు లేని రోజుల్లో కూడా కనిపించడం మొదలుపెట్టారు.

తాయారు నూకరత్నం చాపల మీద మెల్లగా కాలు చాపడం నేర్చుకుంది, మడవడం నేర్చుకుంది, పడటం నేర్చుకుంది. ఎండలు ముదిరేసరికి ఆమె మోకాలు బాగుపడింది. బాగుపడ్డవాళ్లు తమ పని తాము అడిగి తీసుకోవాలి. ఆమె బయల్దేరింది.

నాట్యం నేర్పే చోట ఈత నేర్పే ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. కదిలే పాదాల మీంచి కళ్లు తియ్యకుండా, "నేనివ్వలేనక్కా, ఇవాళ వంతు దాలయ్యది. ఏట్లో నా బదులు నా చెల్లెలు పాఠం చెబుతోంది, అక్కడ ఉన్నాడు," అంది.

తాయారు ఏటి ఒడ్డుకి వెళ్లింది. దాలయ్య పంచె ఎగ్గట్టి, పిక్కల్లోతు నీళ్లలో ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. కర్ర ఒడ్డున పడేసి ఉంది.

"అన్నా, నా కాలు బాగైంది. నా పని నాకిచ్చెయ్యి."

దాలయ్య తల తిప్పలేదు. "కొంచెం ఆగమ్మా. ఆ పిల్ల ఊపిరి ఎక్కడ బిగబడుతోందో ఇంకా అంతు పట్టడం లేదు."

తాయారు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నీళ్లలో దిగి, అతని పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"ఏ పిల్ల?" అంది.