మీపేరు గారి ఫీజు

అత్తిలి నుంచి జర్మనీకి చదువుకోడానికి వెళ్ళిన దొరబాబు, అతని తమ్ముడు సత్తిబాబు, చెల్లెలు హైమ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట అత్తిలిలో ఎవరూ అన్న పాపాన పోలేదు, వాళ్ళే అనుకున్నారు. విమానం దిగగానే దొరబాబు మిగతా ఇద్దరినీ కూర్చోబెట్టి, "పరాయి దేశంలో డబ్బు జాగ్రత్త. తెలిసినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తే మనకే లోటూ రాదు," అన్నాడు.

అక్కడ వీళ్ళకి తెలిసిన మనిషి ఒక్కతే, సుచరిత. ఖమ్మం పిల్ల, అదే యూనివర్సిటీలో రెండేళ్ళు సీనియరు.

"మీరు తెచ్చిన డబ్బంతా బ్లాక్డ్ అకౌంట్లో ఉంటుంది. నెలనెలా కొంచెం కొంచెం వదులుతారు," అందావిడ.

"అప్పుడే బ్లాక్ చేశారా అక్కా? మేమింకా వాళ్ళతో మాట్లాడనే లేదే," అని హైమ బాధపడింది.

అంతే. మర్నాడు ముగ్గురూ బ్యాంకుకెళ్ళి, తప్పేదైనా ఉంటే మన్నించమని చెప్పి, జంతికల పొట్లం చేతిలో పెట్టారు. బ్యాంకాయన ఒక జంతిక కొరికి, సంగతేమీ అర్థం కాక, సిద్ధంగా ఉన్న మూడు కార్డులూ ఇచ్చి పంపేశాడు.

"చూశారా, అన్‌బ్లాక్ చేశాడు," అన్నాడు దొరబాబు.

కార్డు పిన్ నంబరు ఎవరూ చూడకుండా కొట్టాలని సుచరిత ముందే చెప్పింది. ఏటీఎం దగ్గర తమ్ముడూ చెల్లెలూ చెరోవైపు దుప్పటి పట్టుకున్నారు. లోపల దొరబాబు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నువ్వెందుకు మూసుకున్నావు అన్నయ్యా?"

"ఎవరూ అంటే నేను కూడా ఎవరో ఒకణ్ణే కదరా."

మూడుసార్లు తప్పు కొట్టాడు. ఇంకేముంది, మిషన్ కార్డు మింగేసింది.

పోనీ హైమ కార్డుందిగా అనుకుంటే, అది ఇంట్లో ఎక్కడా కనపడలేదు. సుచరితకి ఫోన్ చేస్తే, "ముందు దాన్ని ఫ్రీజ్ చెయ్యండి," అంది కంగారుగా. కనపడని కార్డుని ఫ్రీజ్ చెయ్యడం ఎలాగని ముగ్గురూ ఇల్లంతా గాలించి, పప్పుల డబ్బాలోంచి దాన్ని తీసి, గిన్నెడు నీళ్ళలో వేసి ఫ్రీజర్లో పెట్టారు. అప్పుడు మళ్ళీ ఫోన్ చేశారు.

"కార్డు దొరికింది, ఫ్రీజ్ కూడా చేశాం అక్కా."

"దొరికితే ఇంకేం, అన్‌ఫ్రీజ్ చేసి వాడుకోండి."

అంతే. గిన్నె పొయ్యి మీద పెట్టారు. నీళ్ళు ఇగిరిపోయాయి, కార్డు గిన్నెకి అట్టులా అంటుకుపోయింది. హైమ అట్లకాడతో గీరింది కూడా.

ఇంతలో యూనివర్సిటీ ఫీజుకి ఆఖరు రోజు వచ్చిపడింది. కట్టకపోతే ముగ్గురి పేర్లూ కొట్టేస్తారు, పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. సుచరితకి భయం వేసింది.

"బ్యాంకు యాప్ ఎవరి ఫోన్లో ఉంది?"

"నా ఫోన్లో ఉంది అక్కా. కార్డు మిగిలింది కూడా నాదొక్కటే," అన్నాడు సత్తిబాబు.

"అయితే ముగ్గురి ఫీజూ నువ్వే పంపు. కింద వివరాల గడిలో మీ పేరు రాయడం మాత్రం మర్చిపోకు. అది చూసే వాళ్ళు ఎవరి ఫీజో పోల్చుకుంటారు."

సత్తిబాబు మర్చిపోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రద్ధగా 'మీ పేరు' అని రాసి పంపాడు. తొమ్మిది వందల యూరోలు క్షణంలో వెళ్ళిపోయాయి. ముగ్గురూ ఆ ఆనందంలో సేమ్యా పాయసం వండుకున్నారు.

వారానికి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ కూర్చున్న పెద్దావిడ నెమ్మదస్తురాలు.

"మీ ముగ్గురి ఫీజూ అందలేదు. కానీ సరిగ్గా ముగ్గురికి సరిపడే డబ్బు వివరాల గడిలో మీపేరు అనే ఆయన పేరుతో వచ్చింది. ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు. ఈ డబ్బు మీదేనా?" అని వాళ్ళకి దారి చూపించబోయింది.

దొరబాబు తలెత్తి నిలబడ్డాడు. "మాది కాదండి. నా పేరు దొరబాబు, వీడు సత్తిబాబు, ఇది హైమ. ఎవరో కష్టపడి కట్టుకున్న డబ్బు మాదని చెప్పే రకం కాదు మేము."

"ఆలోచించుకుని చెప్పండి," అందావిడ.

"ఆలోచించడానికేముందండి," అని సత్తిబాబు కాగితం అడిగి మరీ, ఆ సొమ్ముతో తమకే సంబంధమూ లేదని రాసిచ్చాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆవిడ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, వాళ్ళ పేర్లు కొట్టేసింది.

బయటికొచ్చాక హైమ కళ్ళు తుడుచుకుంది. "పాపం అన్నయ్యా, ఆ మీపేరు గారు ఎక్కడున్నారో. డబ్బు కట్టి కూడా క్లాసుకి రావట్లేదంటే ఒంట్లో బాగాలేదేమో."

"పేరుని బట్టి మన తెలుగాయన లాగే ఉన్నాడు," అన్నాడు దొరబాబు. "అడిగితే మనకి ఫీజుకి సర్దకపోడు."

ఇంకేముంది. ఇప్పుడు ముగ్గురూ వీధి వీధీ తిరుగుతూ, కనిపించిన ప్రతి తెలుగువాడినీ ఆపి, "ఏమండీ, మీ పేరు మీపేరేనా?" అని అడుగుతున్నారు.