రాజుగారి రెండు పాదాల తగువు

ఒకానొక రాజ్యంలో ప్రతాపధవళుడనే రాజుకు జరీ జోళ్లంటే ప్రాణం. స్నానం కాగానే తడికాళ్లకే తొడిగేవాడు. మళ్లీ విప్పడం పడక మీదే.

కొన్నాళ్లకు కాలివేళ్ల సందుల్లో దురద పుట్టింది. నిండు సభలో పాదం ఆడించకుండా కూర్చోలేకపోయాడు.

"చేతబడి, ప్రభూ! జోళ్లు కుట్టిన గంగులు పనే ఇది" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు భైరవభట్టు.

ఇంకేం, గంగులును ఆలుబిడ్డలతో సహా రాజ్యం విడిచి పొమ్మని ఆజ్ఞ అయింది.

అంతఃపురంలో పారాణి పెట్టే పేరక్క చెవిన ఇది పడింది. గంగులు చీమకైనా కీడు తలపెట్టే మనిషి కాదు. పైగా నలభై ఏళ్లుగా ఆమె చూసినన్ని పాదాలు ఆ కోటలో ఎవరు చూశారు? నేరుగా సభకు వెళ్లి, జోళ్లు విప్పమని రాజును వేడుకుంది.

వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని పొరలు లేస్తోంది. బొటనవేలి గోరు పసుపురంగుకు తిరిగి, మందమెక్కి, అంచున పిండిలా రాలుతోంది. తామరేనని ఆమెకు తెలిసిపోయింది. కానీ ఆ మాటంటే భట్టు ఒప్పుకుంటాడా?

"భట్టుగారి మాటే నిజం కావచ్చు ప్రభూ. గంగులుకు ఒక్క నెల గడువిచ్చి చూడండి. ఎడమకాలు వారిది. నచ్చినవాడి చేత జోడు కుట్టించి, తాయెత్తు కట్టమనండి. కుడికాలు నాది. దానికి గంగులు చేతి చెప్పే వేస్తాను."

"ఓస్, అంతేనా!" అన్నాడు భట్టు. రాజూ సరేనన్నాడు.

"ఆ పాత జోళ్లు మాత్రం కాల్చేయించండి" అంది పేరక్క.

"జరీ జోళ్లను కాలుస్తారా? మంత్రంతో శుద్ధి చేసి నేనుంచుకుంటాను" అని భట్టు వాటిని చంకన పెట్టుకుపోయాడు.

పేరక్క రోజూ కుడిపాదం కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగుడ్డతో ఒత్తి, తామర మందు రాసేది. గాలి ఆడే చెప్పు వేసేది. దురద పోయినా మందు మానలేదు.

నెల తిరిగింది. కుడిపాదం నున్నగా ఉంది. ఎడమపాదం తాయెత్తుతో సహా దురద పెడుతోంది. భట్టేమో నిలబడిన చోటే ఒక కాలితో మరో కాలు గోక్కుంటున్నాడు!

"శుద్ధి చేసిన జోళ్లేనా బాబూ తొడిగింది?" అంది పేరక్క. "మంత్రం గొప్పదైతే ఈ దురదేమిటి? ఇది తామర ప్రభూ. తడి ఆరని చోట బూజులా పడుతుంది, ఒకరి జోళ్లు ఇంకొకరు వేసుకుంటే అంటుకుంటుంది."

భట్టు తల దించుకున్నాడు, గోకడం మాత్రం ఆపలేదు.

"మరి ఈ కుడికాలి బొటనవేలి గోరు ఇంకా పసుపుగానే ఉందేం?" అన్నాడు రాజు.

"గోరు మొదలు నుంచి కొత్తగా రావాలి ప్రభూ. ఏడాదైనా పట్టొచ్చు. అందాకా వైద్యుల మందు వాడాల్సిందే."

"నేను ఆజ్ఞాపించినా త్వరగా రాదా?"

"గోరు ఏలినవారి కంటే మొండిది ప్రభూ!"

రాజు పకపకా నవ్వి, చేతి కడియం తీసి ఆమెకిచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో పేరక్కా."

"గంగులు ఇన్నాళ్లూ మీ పాదం చూడకుండా ఊహించి కుట్టాడు. అందుకే వేళ్లు ఇరుక్కున్నాయి. ఒక్కసారి కొలత తీసుకోనివ్వండి."

రాజు గంగులును పిలిపించి, పసుపు గోరుతో సహా పాదం చాచాడు.

"కొలుచుకోవయ్యా" అన్నాడు నవ్వుతూ. "ఊళ్లోనే ఉండు. కాస్త వదులుగా కుట్టు."