రెండో బాణం

వాగ్దేవి పేరుకు తగ్గ పిల్ల. గెలిచిన రోజు ఇంటికి వెళ్లేదాకా మాట్లాడుతుంది, ఓడిన రోజు ఇంటికి వెళ్లాక కూడా ఆపదు. ఆ రోజు ఓడింది.

సికింద్రాబాదులో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న, బంతి దొర్లించి సీసాల్లాంటి పది పిన్నులను పడగొట్టే బౌలింగ్ సెంటర్లో రాష్ట్ర మహిళల జట్టుకు ఎంపిక పోటీలు జరుగుతున్నాయి. రెండు రోజుల ఆట. ముగ్గురికే చోటు. మొదటి రోజు ముగిసేసరికి వాగ్దేవి నాలుగో స్థానంలో ఉంది. నిరుడు కూడా నాలుగో స్థానమే, అంతకు ముందేడూ అంతే. ఈసారి కూడా చోటు దక్కకపోతే ఆట మానేస్తానని ఇంట్లో చెప్పేసింది. కోపంతో అన్న మాట కాదు. అన్నం తింటూ, పెరుగు వేసుకుంటూ, మామూలుగా చెప్పింది. అలా చెప్పగలిగినందుకు తర్వాత తనకే భయమేసింది.

బెంజిమన్ సార్ మెట్ల దగ్గర కూర్చుని బూట్లు మార్చుకుంటున్నాడు. రైల్వేలో పని చేసి రిటైరైన మనిషి. ఊళ్లో బంతి పట్టుకోవడం నేర్చినవాళ్లలో సగం మంది ఆయన చేతి కిందే నేర్చారు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి.

"మీరే చెప్పండి సార్," అని మొదలుపెట్టింది వాగ్దేవి, ఆయన ముందు అటూ ఇటూ తిరుగుతూ. "పొద్దున నా బంతి ఎట్ల పోయింది? అన్నిటికన్న ముందున్న తల పిన్ను పక్కనుంచి దూరి అన్నీ ఊడ్చింది. మధ్యాహ్నానికి ఏమైంది? అదే చెయ్యి, అవే అడుగులు, అదే బాణం. బంతేమో తల పిన్నును దాటి అవతల దిక్కుకు గుంజుకపోతుంది. నేను తప్పేసిన్నా? ఒక్కటి కూడ తప్పెయ్యలే. రెఫరీని పిలిచి ఆట గూడ ఆపించిన. ఆయనొచ్చి చూసి, లేను మంచిగనే ఉందమ్మా అన్నడు. మంచిగుంటే నా బంతికేమొచ్చింది?"

సార్ రెండో బూటు లేసు కట్టుకున్నాడు.

"మనిషి నేర్చుకున్నది గొప్పదా సార్, చెక్క మీద పూసిన నూనె గొప్పదా? అదొక్కటి చెప్పండి నాకు."

ఆమె ఉక్రోషంలో కొంత న్యాయం ఉంది. బంతి దొర్లే పొడవాటి చెక్క దారిని లేన్ అంటారు. పొద్దున్నే దానిమీద పల్చగా నూనె పూస్తారు. నూనె ఉన్నచోట బంతి జారుతుంది, లేనిచోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆ నూనె కంటికి కనపడదు. కనపడని దానితో పోట్లాట పెట్టుకున్నవాళ్లకు నిద్రెలా పడుతుంది? అయితే ఆటగాళ్లు గురి చూసుకోవడానికి లేన్ మీద బాణం గుర్తులు కనపడేలా గీసి ఉంటాయి. వాగ్దేవి గురి ఎప్పుడూ రెండో బాణం. దాని మీద నుంచి తప్ప బంతి వెయ్యదు. వేస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. తోటి ఆడపిల్లలు ఆమెను మెషిన్ అని పిలుస్తారు. ఆ పేరంటే ఆమెకు చచ్చేంత ఇష్టం.

"రేపు జల్ది రా," అన్నాడు సార్. మోకాలు పట్టుకుని లేచి లిఫ్టు వైపు నడిచాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి సెంటర్లో లైట్లు కూడా అన్నీ వెయ్యలేదు. వరస చివర ఉన్న ప్రాక్టీసు లేన్‌కు అప్పుడే నూనె పూసి వెళ్లారు.

"ఆడు," అన్నాడు సార్.

"ఏం ఆడాలి సార్?"

"నీ ఆట."

ఆమె రెండో బాణం మీద నుంచి బంతి వేసింది. పది పిన్నులూ పడ్డాయి. తిరిగొచ్చిన బంతిని నడుముకున్న తువ్వాలుతో తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ పది. సార్ కుర్చీలో వెనక్కి వాలి లవంగం నములుతున్నాడు. బాగుందని అనడు, బాగాలేదని అనడు. ఆమె వేస్తోంది, తుడుస్తోంది, వేస్తోంది. ఒళ్లు వేడెక్కింది. ఆట మొదలయ్యే వేళవుతోంది, ఈయన నా చేతిలో బలమంతా ఇక్కడే పిండేస్తున్నాడేమిటని లోపల ఒకటే పీకులాట. గడియారం చూసింది. సార్ చూడలేదు.

కాసేపటికి బంతి నిన్నటిలాగే వంకర పోయింది. తల పిన్నును దాటి అవతల తగిలింది.

"చూసిన్రా!" అని అరిచింది వాగ్దేవి. "చూసిన్రా సార్! ఇది కూడ దొంగ లేనే!"

సార్ లేచాడు. బూట్లు విప్పి, మేజోళ్లతో లేన్ మీదికి జాగ్రత్తగా అడుగుపెట్టాడు. ఆయన మోకాలికి అది కొంచెం కష్టమైన పనే. జేబులోంచి ఉతికిన తెల్ల చేతిరుమాలు తీసి, వంగి, రెండో బాణం దగ్గర ఒకసారి రుద్దాడు. ఇంకో జేబులోంచి ఇంకో రుమాలు తీసి, ఎడమ పక్కకు జానెడు జరిగి అక్కడ రుద్దాడు. వెనక్కి వచ్చి రెండూ ఆమె చేతుల్లో పెట్టాడు.

మొదటి రుమాలు పెట్టెలోంచి తీసినంత తెల్లగా ఉంది. రెండోది తడిసి వేలికి జిడ్డు అంటుతోంది.

"పొద్దుటి సంది దీని మీద ఎవరాడిన్రు బిడ్డా?"

"నేనే సార్."

"నేనాడిన్నా?"

"లేదు సార్."

"మరి ఈడ నూనె ఏడికి పోయింది?"

వేలికి అంటిన జిడ్డు తుడుచుకోవడానికి ఆమె నడుముకున్న తువ్వాలు పట్టుకుంది. అది బరువుగా, నల్లగా, నూనె వాసన కొడుతోంది. వాగ్దేవి దాన్ని విప్పి రెండు చేతులా పట్టుకుని చూసింది.

"అయితే తప్పు నాదేనా సార్?" అంది.

"తప్పని ఎవరన్నరు? మంచిగాడినవు," అన్నాడు సార్, బూట్లు వేసుకుంటూ. తర్వాత టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ప్రకటించిన ముగ్గురిలో వాగ్దేవి పేరుందని ముందే చెప్పేస్తే నయం. లేకపోతే ఎన్ని పిన్నులు పడ్డాయో అన్న యావలో పడి అసలు సంగతి వదిలేస్తారు. అసలు సంగతి ఆఖరి గేములో జరిగింది.

అప్పటికి ఆమె మూడో స్థానంలోకి వచ్చింది. వెనకాలే తహసీన్ అనే అమ్మాయి తరుముకొస్తోంది. సరిగ్గా అప్పుడు బంతి మళ్లీ అవతల దిక్కుకు గుంజింది. మూడు పిన్నులు అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. వాటిని రెండో బంతితో పడగొట్టి వచ్చి, తన వంతు రాగానే మళ్లీ అలవాటైన చోటే నిలబడింది.

నిలబడింది గానీ బంతి వెయ్యలేదు. అరికాళ్లు మండుతున్నాయి. ఆ చోటు ఆమెది. ఏళ్ల తరబడి తెల్లారుజామున లేచి, వేళ్లు కాయలు కాచి, సంపాదించుకున్న చోటు. అక్కడినుంచి, నూనె ఇంకా మిగిలి ఉన్న ఎడమ పక్కకు జరగడమంటే ఆ కష్టమంతా ఎవరికో రాసిచ్చినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి సార్ కోసం చూసింది. ఆయన కౌంటరు దగ్గర ఎవరితోనో రైళ్ల గురించి మాట్లాడుతున్నాడు. ఇటు చూడటం లేదు.

ఆమె అంతసేపు కదలకపోయేసరికి రెఫరీకి నిన్నటి రభస గుర్తొచ్చినట్టుంది. నిట్టూర్చి దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా, మళ్లీ లేన్‌ల ఏమన్న ఉందా? ఆట ఆపాల్నా?"

"వద్దు సార్," అంది వాగ్దేవి. "నేనే అడ్డమున్న. జరుగుతున్న."