చల్లారిన పొయ్యి

"వానొస్తోందర్రా! మబ్బు దిగిపోతోంది, బెల్లం తెచ్చుకోండి!"

చీమల వీధి ఆ చివర నుంచి కేక వినబడింది. ఎప్పటి మాటో లెండి ఇది. ఒకప్పుడు చీమలకు దారిలో ఆగే అలవాటే లేదు. ముందున్నదాని వెనకాల తల వంచుకుని పోవడమే. ఎదురుగా సొంత అక్క వచ్చినా పక్కకు తప్పుకుని పోయేవి.

వాటి పుట్టకు ఎదురుగానే బెల్లం వండే పాక ఉంది. నేరుగా పోతే ఇట్టే చేరొచ్చు. కానీ మధ్యలో పెద్ద పొయ్యి. "అమ్మో, మాడిపోతాం!" అని చీమలన్నీ చెరకుతోటంతా చుట్టి వెళ్లేవి.

ఆ రోజు కేక వినగానే అన్నీ బారులు తీరాయి. పోలి అనే చీమ కూడా బయల్దేరింది గానీ, మనసంతా ఇంటి దగ్గరే ఉంది. కొట్టులో ఒక్క పలుకు బెల్లమైనా లేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ నిన్నటినుంచి పస్తు. వాన పట్టుకుంటే బయటికి రావడమే కుదరదు.

"అత్తా, ఇంత చుట్టు తిరిగి వచ్చేసరికి నెత్తిమీద బెల్లం నీరైపోదూ?" అని ముందు నడుస్తున్న వీరత్తను అడిగింది.

"ఎప్పుడూ పోయే దారే కదే!"

"పొయ్యి కాలుతోందని నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ."

"అమ్మ కాళ్లు కాలాయా?"

"ఛీ, అవేం మాటలే! అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. పెద్దవాళ్లకన్నా నీకే ఎక్కువ తెలుసా? నడు."

వెనకున్నవి కిసుక్కున నవ్వాయి. "పోనీ వెళ్లి కాలి రావే, పొగ కనిపిస్తే మేమిక్కణ్ణుంచే ఏడుస్తాం!"

పోలి బారులోంచి తప్పుకుంది. భయం లేక కాదు, తమ్ముళ్ల ముఖాలు గుర్తొచ్చి. పొయ్యి అంచున నిలబడి ఒక్క మీసం చాచి బూడిదను తాకింది. చల్లగా ఉంది! రెండో మీసమూ పెట్టింది. లోపలికి దిగింది. అక్కడ ఏకంగా గరిక మొలిచి ఉంది. వంట ఎప్పుడో పాకలోని కొత్త పొయ్యికి మారిపోయింది. ఎవరైనా వచ్చి చూస్తేగా!

పోలి పాకకెళ్లి బెల్లం పలుకు ఎత్తుకుని, బారుకు ఎదురెళ్లి అడ్డంగా నిలబడింది.

"అత్తా, పొయ్యి ఎప్పుడో చల్లారిపోయింది!"

"అబద్ధాలాడకు."

"అయితే నా మీసాలు చూడు."

తలకు తల ఆనించింది. వీరత్త తన మీసాలతో పోలి మీసాలు తడిమింది. కమురు వాసనే లేదు, పచ్చి గరిక వాసన.

"ఓసి నీ దుంపతెగ! మరి ఇన్నాళ్లూ నా కాళ్లెందుకు అరగదీసుకున్నట్టే?"

వీరత్త వెనక్కి తిరిగి తన వెనకున్నదాని మీసాలు తాకింది. అది ఇంకోదాన్ని. వంకర బారు కాస్తా తిన్నగా పొయ్యి మీదికి మళ్లింది.

పెద్ద చినుకులు పడేసరికి కొట్టు నిండింది. పసివాళ్లూ పెద్దవాళ్లూ, నవ్వినవాళ్లూ, అందరూ బెల్లం చుట్టూ చేరి తిన్నారు. వీరత్త పెద్ద పలుకొకటి పోలి తమ్ముళ్ల ముందుకు తోసింది.

అప్పటినుంచే చీమ ఎంత తొందరలో ఉన్నా, ఎదురొచ్చిన చీమ దగ్గర ఆగి, మీసాలకు మీసాలు ఆనించి, "ఎవరో చెప్పారా, నువ్వే చూసొచ్చావా?" అని అడిగి మరీ ముందుకు పోతుంది.